ఎర్ర లైటు మీద ప్లాస్టరు

ఆ రోజు పొద్దున్న వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంజనీరు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పదకొండింటికి వచ్చే మందుల దుకాణాల యజమానికి తను తయారుచేసిన బోర్డు చూపించాలి. ఇల్లాలు కాఫీ ఇవ్వాలి. అత్తగారు మాట్లాడకూడదు. ఈ మూడింట్లో కష్టమైనది మూడోదొక్కటేనని ఇంట్లో అందరూ అనుకున్నారు, అత్తగారితో సహా.

బోర్డంటే అరచేతిలో పట్టేంత పచ్చటి పలక. డైనింగు టేబులు మీద, ఫ్రిజ్ పక్కన, పరీక్ష రాయడానికొచ్చిన బుద్ధిమంతుడిలా కూర్చుని ఉంది. దాని ఒక అంచున వరుసగా కన్నాలు. కీబోర్డుకొకటి, తెరకొకటి, నెట్ వైరుకొకటి, ఇంకా ఎవరొస్తారో తెలియని అతిథులకోసమన్నట్టు కొన్ని ఖాళీగా. రెండో అంచున ఆవగింజంత లైట్లు మూడు. వాటి పక్కనుంచి సన్నటి వైరొకటి బయల్దేరి, ఫ్రిజ్ తలుపు రబ్బరు సందులోంచి లోపలికి దూరి, కూరగాయల మధ్య తల దాచుకుంది. లోపల ఎంత చల్లగా ఉందో ఆ వైరు కనిపెడుతుంది, బోర్డు లెక్క చూస్తుంది, చల్లదనం తగ్గితే కేకలు పెడుతుంది. కొన్ని మందులు చల్లగా ఉంటేనే మందులు, లేకపోతే చెత్తబుట్టకే. అందుకని ఆ యజమాని రాత్రీపగలూ ఫ్రిజ్‌లని కాపలా కాసే మనిషి కావాలన్నాడు. మనుషులకి కునుకు పడుతుంది కాబట్టి ఇంజనీరు బోర్డు చేశాడు.

అంతకుముందు పనిచేసిన కంపెనీ మూతపడినప్పటినుంచి డైనింగు టేబులే అతని ఆఫీసు. అక్క మొగుడికి టైల్స్ షోరూం ఉంది. బావగారు మంచి మనిషి. మంచివాళ్ళకుండే మొండితనం కూడా ఆయనకి దండిగా ఉంది. "ఈ బోర్డు ఆయనకి నచ్చిందా, సరే. నచ్చలేదా, మర్నాటినుంచి మా కౌంటరు నీదే. ఇక కాదనడానికి వీల్లేదు" అని బావమరిదిని ఒప్పించారు. ఒప్పించి ఊరుకోకుండా ఒక గుండ్రంగా తిరిగే కుర్చీ కూడా కొనిపెట్టారు. ఆ కుర్చీ వచ్చిందని విన్న దగ్గరనుంచి ఇంజనీరుకి అన్నం సయించడం లేదు.

ఇల్లాలికి టైల్స్ మీద కోపమేమీ లేదు. వంటింట్లో ఉన్నవి ఆయనిచ్చినవే. కానీ ఆవగింజంత లైటు వెలిగినప్పుడల్లా తన మొగుడి మొహం ఎలా విప్పారుతుందో ఆమె చూసింది. ఆ మొహం బాత్రూం టైల్స్ ముందు అలా విప్పారుతుందన్న నమ్మకం ఆమెకి లేదు.

"ఇటు చూడు," అన్నాడు ఇంజనీరు, భుజాన తువ్వాలు వేసుకుని, బోర్డు స్విచ్చి వేస్తూ. "పచ్చది వెలుగుతుంటే అది బతికున్నట్టు. పసుపుది మిణుకుమంటుంటే లెక్క వేసుకుంటున్నట్టు. కాసేపు ఫ్రిజ్‌ని గమనించుకున్నాక గానీ నోరు విప్పదు."

"మరి ఎర్రది?"

"ఎర్రది వెలగదు."

"వెలిగితేనో?"

"వెలగదన్నానా!"

అలా అన్నాడే గానీ అతని కళ్ళు ఎర్ర లైటు మీదే ఉన్నాయి. ఫ్రిజ్ వేడెక్కితే ఎర్రది వెలిగించమని దానికి నేర్పింది అతనే. అయితే నెలల తరబడి అది వెలిగిన ప్రతిసారీ ఫ్రిజ్ చల్లగానే ఉంది, తప్పు మాత్రం అతనిదయింది. ఒకనాడు వైరు వదులు, ఇంకోనాడు రాసిన ప్రోగ్రాములో పొరపాటు. దాంతో ఎర్రది కనపడితే చాలు, "మళ్ళీ నేనేదో తగలేశాను" అనుకోవడం అతనికి అలవాటైపోయింది.

"ఇంకో మాట. నిన్న రాత్రే చెప్పాను కదా, ఆయన వెళ్ళేదాకా ఫ్రిజ్ తలుపు తీయకూడదు. ఆ మంచినీళ్ళ ఫిల్టరు జోలికీ పోకు. గోడకున్న గట్టి సాకెట్టు అదొక్కటే, అందుకని రాత్రే ఫిల్టరు ప్లగ్గు పీకేసి బోర్డుకి పెట్టుకున్నాను."

"తెలుసులెండి. నీళ్ళు స్టీలు డబ్బాలో పట్టి ఉంచాను. పాలు దుకాణంనుంచి తెచ్చుకున్నాను. ఇంక ఊపిరి పీల్చుకోవచ్చా, దానిక్కూడా పదకొండు దాటాలా?"

"నీకంతా వేళాకోళమే," అని అతను స్నానానికి వెళ్ళాడు.

ఇల్లాలు కాఫీ కప్పులు తుడుస్తూ ఉంటే ఇంట్లో ఏదో తక్కువైనట్టనిపించింది. రోజూ వినిపించే చప్పుడేదో వినిపించడం లేదు. అత్తగారు ఇంకా లేవలేదేమో అనుకుంది. అంతలోనే అత్తగారు ఫోను పట్టుకుని వచ్చారు. లేచే ఉన్నారన్నమాట. మరి తక్కువైనదేమిటో ఆలోచించే తీరిక ఇల్లాలికి దొరకలేదు.

"ఇదేమిటమ్మాయ్, ఇక్కడంతా తడి?"

ఫ్రిజ్ కింద చిన్న మడుగు కట్టి ఉంది. "ఫిల్టరు కారుతున్నట్టుందండీ. ప్లగ్గు తీశారుగా, అలిగినట్టుంది" అంటూ ఇల్లాలు గుడ్డ వేసి తుడిచింది. అత్తగారికి మడుగుకన్నా ముఖ్యమైన విషయం వేరే ఉంది. ఫోనులో చార్జింగు అడుగంటింది. ఈ వేళకి చెల్లెలితో మాట్లాడకపోతే అవతల ఆవిడ, ఇక్కడేదో జరిగిందనుకుని మిగతా చుట్టాలందరికీ ఫోన్లు చేస్తుంది. ఎక్కడ చూసినా ఖాళీ ప్లగ్గు లేదు. అప్పుడావిడ దృష్టి బోర్డు మీద పడింది.

"ఇన్ని కన్నాలున్నాయి కదే, వాడేది రెండో మూడో. మిగతావి ఏం పాపం చేశాయి?" అని, ఇల్లాలు గుడ్డ పిండుకుని వచ్చేలోపు, చార్జరు వైరు తీసి ఖాళీ కన్నంలో పెట్టేశారు. అది చక్కగా పట్టింది కూడా.

సరిగ్గా అప్పుడే ఎర్ర లైటు వెలిగింది.

"అత్తయ్యగారూ! ఏం చేశారు?"

"నేనేం చేశానే? ఫోను పెట్టాను. చూడు, వెలిగింది. చార్జింగు ఎక్కుతున్నట్టుంది."

ఇల్లాలు చేతిలో గుడ్డ కింద పడేసింది. గబుక్కున ఫోను వైరు లాగింది. ఆ ఊపులో పక్కనున్న నెట్ వైరు కూడా ఊడొచ్చింది. దాన్ని కంగారుగా తిరిగి నొక్కితే టక్కుమని కూర్చుని తన చిన్న లైట్లు తను వెలిగించుకుంది. ఎర్రది మాత్రం వెలుగుతూనే ఉంది, దాని పక్కనున్న గోళీ అంత నల్లటి బజరు కూడా కూయడం మొదలుపెట్టింది. ఆమె వెళ్ళి బాత్రూం తలుపు తట్టింది.

"ఏమండీ! కంగారుపడకండి!"

కంగారుపడకండి అన్న మాట వినగానే ఎవరైనా చేసే పనే ఇంజనీరూ చేశాడు. నెత్తిన సబ్బునురగతో, తువ్వాలు చుట్టుకుని, తడికాళ్ళతో పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరు ముట్టుకున్నారు?"

"ఫోను పెట్టానురా," అన్నారు అత్తగారు. "తీసేశాం కూడాను. తీసేసినా మానలేదు. అంత తేలిగ్గా మనసు పాడుచేసుకునేదాన్ని ఎందుకు చేశావురా?"

"ఫోను వల్ల రాదమ్మా ఇది," అన్నాడు ఇంజనీరు నీరసంగా. "ఇది నా ప్రోగ్రాములోనే ఏదో..." స్విచ్చి ఆపి మళ్ళీ వేశాడు. పచ్చది వెలిగింది. పసుపుది మిణుకుమంది. ఎర్రది లేదు. ముగ్గురూ దానివైపే చూస్తూ నిలబడ్డారు. నురగ కళ్ళలోకి కారుతున్నా ఇంజనీరు రెప్ప వేయలేదు. ఇక ఫరవాలేదనిపించాక తల కడుక్కోవడానికి వెళ్ళాడు.

అతను అటు వెళ్ళగానే ఇటు బావగారు వచ్చారు. "ధైర్యం చెబుదామని ముందే వచ్చానమ్మా," అంటూ చెప్పులు విప్పి లోపలికి నడిచి, ఫ్రిజ్ దగ్గర ఆగి, కాలెత్తి చూసుకున్నారు. "ఇక్కడ నేల వాలు సరిగ్గా లేదు చెల్లెమ్మా. నీళ్ళు నిలుస్తున్నాయి. ఒక్కరోజు పని, నేను వేయించేస్తాను."

"అన్నయ్యగారూ, టైల్స్ సంగతి రేపు చూద్దాం. ఇవాళ దీని సంగతి బాగుంటే చాలు."

"ఇదేనా? ఇంతేనా?" బావగారు వంగి బోర్డుని పరకాయించారు. తర్వాత, షోరూంలో టైలు పగిలిందో లేదో చూసే అలవాటు కొద్దీ, దాని అంచు మీద వేలితో టిక్కుటిక్కుమని కొట్టారు.

ఎర్రది వెలిగింది. పక్కనున్న గోళీ అంత నల్లటి బజరు "కీ" అంది.

బావగారు చేతులు వెనక్కి పెట్టేసుకున్నారు. "నేను గట్టిగా కొట్టలేదు. అత్తయ్యగారూ, మీరు చూశారుగా?"

"చూశాను బాబూ. పెళ్ళిచూపుల్లో పిల్ల బుగ్గ తాకినట్టు తాకారు, అంతే," అన్నారు అత్తగారు. నేరంలో తోడు దొరికినందుకు ఆవిడ మొహం కాస్త తేటపడింది.

కూత విని ఇంజనీరు మళ్ళీ వచ్చాడు. ఈసారి అరవలేదు. కుర్చీలో కూలబడి కీబోర్డు దగ్గరకి లాక్కుని, తెరమీద పురుగుల్లా పాకే అక్షరాలని చూస్తూ ఉండిపోయాడు. "నాకు అర్థం కావడం లేదు," అన్నాడు చివరికి.  బావగారు బావమరిది భుజం మీద చెయ్యి వేశారు. "పోనీలేరా. కుర్చీ చాలా మెత్తగా ఉంటుంది. నడుంనొప్పి రాదు." ఆయన దాన్ని ఓదార్పు అనుకునే అన్నారు.

కాలింగ్ బెల్లు మోగింది. పదకొండు ఇంకా కాలేదు. కానీ మందులాయన మోగించాడు.

ఇంజనీరు తువ్వాలు పట్టుకుని గదిలోకి ఒక్క దూకు దూకాడు. మిగిలిన ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ తర్వాత జరిగినదానికి ఎవరూ ఎవరితోనూ సంప్రదించలేదు. ఇల్లాలు మందుల డబ్బాలోంచి వేలికి చుట్టే ప్లాస్టరు ముక్క చించి ఎర్ర లైటు మీద అంటించింది. అత్తగారు బజరు మీద గిన్నె బోర్లించి, దానిమీద దిండు పెట్టి, ఆ దిండు మీద మోచెయ్యి ఆనించి కూర్చున్నారు. బావగారు వాళ్ళిద్దరికీ అడ్డంగా నిలబడ్డారు. ఆయనకి అడ్డంగా నిలబడే దేహసంపద ఉంది.

మందులాయన సన్నగా, పొడుగ్గా, పెద్దగా నవ్వని మనిషి. సోఫాలో కూర్చుని ఇల్లంతా ఒకసారి కలయజూశాడు. ఇంజనీరు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి, బోర్డు వైపు భయంభయంగా చూశాడు. పచ్చది ఉంది. పసుపుది ఉంది. అతని మొహంలోకి ప్రాణం వచ్చింది.

"పోయిందా?" అని పెళ్ళాం చెవిలో గొణిగాడు.

"కనిపించడం లేదండీ," అంది ఇల్లాలు. ఆమె అబద్ధాలాడే మనిషి కాదు.

"అమ్మా, ఆ దిండేమిటి?"

"టేబులు గట్టిగా ఉందిరా," అన్నారు అత్తగారు.

ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. "సార్, ఈ వైరు ఫ్రిజ్ లోపల ఉంది. లోపల వేడెక్కితే ఇక్కడ ఎర్ర లైటు వెలుగుతుంది. బజరు మోగుతుంది. ఎవరూ పట్టించుకోకపోతే గొంతు పెంచుతుంది. అప్పటికీ చూడకపోతే యజమాని ఫోనుకి మెసేజి పంపుతుంది. మీ నంబరు నిన్ననే ఎక్కించాను. ఇప్పుడు ఎర్రది వెలగడం లేదు చూడండి. అంటే లోపలంతా చల్లగా..."

మందులాయన జేబులో ఫోను టింగుమంది. తీసి చూశాడు.

"‘ఫ్రిజ్ వేడెక్కింది. వెంటనే చూడండి’ అంటోందే?"

"అది... పొద్దున పరీక్షించినప్పటిది సార్. ఆలస్యంగా వచ్చినట్టుంది."

మళ్ళీ టింగుమంది. "‘ఇంకా వేడిగానే ఉంది. ఎవరూ చూడడం లేదు.’"

అత్తగారు దిండుని గట్టిగా అదిమారు. దిండు కిందనుంచి, గిన్నెలోంచి, బావిలో పడ్డ కోడిపిల్ల అరిచినట్టు సన్నటి కూత వినవస్తూనే ఉంది. ఆవిడ దగ్గారు. కూత గొంతు పెంచింది. ఆవిడ ఇంకా గట్టిగా దగ్గారు.

మూడో మెసేజి మందులాయన తాపీగా చదివాడు. "‘దయచేసి ఎవరైనా ఒక్కసారి వచ్చి చూడండి.’" కళ్ళజోడు తీసి ఇంజనీరు వైపు చూశాడు. "ఇవన్నీ మీరే రాశారా?"

"నేనే సార్," అన్నాడు ఇంజనీరు నేల చూపులు చూస్తూ.

మందులాయన లేచి టేబులు దగ్గరికి వచ్చాడు. బావగారిని పక్కకి జరగమన్నాడు. అత్తగారిని చెయ్యి తీయమన్నాడు. దిండు తీసి, గిన్నె ఎత్తి, ప్లాస్టరు కొస పట్టుకుని లాగాడు. ఎర్ర లైటు నిప్పుకణికలా బయటపడింది. బజరుకి గాలి తగిలి, ఇల్లు అదిరేలా కూసింది.

"దానికి పొద్దున్నుంచీ ఒంట్లో బాగాలేదండీ," అన్నారు బావగారు.

"చూడండి బాబూ," అన్నాడు మందులాయన. కోపంగా అనలేదు, అదే ఇంకా బాధగా ఉంది. "ఊరికే అరిచేది నాకొద్దు. ఒకసారి ఊరికే అరిచిందంటే మా వాళ్ళు రెండోసారి నిజంగా అరిచినా చూడరు. మంచి ఆలోచనే. కానీ ఇంకా పండలేదు." అని చెప్పుల వైపు నడిచాడు.

ఇంజనీరు బోర్డు స్విచ్చి ఆపడానికి చెయ్యి చాచాడు.  ఏం చేయాలో తెలియనప్పుడు ఇళ్ళలో ఆడవాళ్ళు ఏమంటారో ఇల్లాలూ అదే అంది.

"ఎండన పడి వచ్చారు. కాసిని మంచినీళ్ళయినా తాగి వెళ్ళండి సార్."

గ్లాసు తీసుకుని, చేతికున్న అలవాటు కొద్దీ, స్టీలు డబ్బా సంగతి మరచి, ఫిల్టరు కుళాయి తిప్పింది. ఫిల్టరు గుర్రుమంది. నీలం లైటు వెలిగించి, ధారగా నీళ్ళు పోసింది.

ఆమె గ్లాసు నిండేదాకా దాన్ని చూసింది. నిండి పొంగాక కూడా చూసింది. రాత్రే ప్లగ్గు పీకేసిన ఫిల్టరు ఇంత ఉత్సాహంగా నీళ్ళెలా పోస్తోంది? పీకింది ఫిల్టరు ప్లగ్గు కాకపోతే మరి దేనిది? కాళ్ళకింద మళ్ళీ తడి తగిలింది. అప్పుడామెకి పొద్దున్నుంచీ ఇంట్లో తక్కువైన చప్పుడేదో తెలిసింది. ఇన్నేళ్ళుగా ఎద్దులా గురకపెట్టే ఫ్రిజ్ నిశ్శబ్దంగా నిలబడి ఉంది.

ఆమె గ్లాసులో నీళ్ళు సింకులో పారబోసింది. వెళ్ళి ఫ్రిజ్ తలుపు బార్లా తీసింది.

"ఏయ్! తలుపు తీయొద్దన్నానా!" అన్నాడు ఇంజనీరు, ఓడిపోయాక కూడా అలవాటు చొప్పున.

ఆమె వినిపించుకోలేదు. నీళ్ళసీసా తీసి, మందులాయన ఎదురుగానే గ్లాసులో పోసి అందించింది. ఆయన ఒక గుక్క తాగి ఆగాడు. గ్లాసుని చేత్తో తడిమి చూశాడు.

"అమ్మా, ఇది ఫ్రిజ్‌లోదేనా?"

"ఫ్రిజ్‌లోదే సార్. మీ ముందే తీశాను కదా."

"వెచ్చగా ఉందేమిటి?"

"అదేనండీ," అంది ఇల్లాలు. "పొద్దున్నుంచీ అది మొత్తుకుంటున్నది ఆ సంగతే."

 బావగారు ఫ్రిజ్ వెనక్కి తొంగిచూసి, చెయ్యి దూర్చి, వేలాడుతున్న ప్లగ్గుని చచ్చిన ఎలుకని తోకపట్టి ఎత్తినట్టు ఎత్తి చూపించారు. "ఇదెవరు తీశారు?"

అత్తగారు "నేను మాత్రం కాదు" అన్నారు. ఆ రోజు పొద్దున్నుంచీ ఆవిడ ఆ మాట నిజాయితీగా అనగలిగింది అప్పుడే. ఇంజనీరు ఫిల్టరు వైపు చూశాడు, బోర్డు వైరు వైపు చూశాడు, ప్లగ్గు వైపు చూశాడు. అతని మొహంలో పచ్చా, పసుపూ, ఎరుపూ వరసగా వెలిగాయి. నిజం చెప్పేయడానికి నోరు తెరిచాడు. ఆ నోట మాట రాకుండా ఇల్లాలు అడ్డుపడింది.

"మేమే తీశాం సార్. బాగా పనిచేస్తున్న ఫ్రిజ్‌ని చూపిస్తే మీకేం తెలుస్తుంది? చెడితే ఏం చేస్తుందో చూపించాలి కదండీ."

మందులాయన చేతిలో ఇంకా ప్లాస్టరు ముక్క ఉంది. దాన్ని ఎత్తి చూపాడు. "మరి ఇదెందుకమ్మా?"

"అది కూడా అందులో భాగమేనండీ. కూత వినలేక పనివాళ్ళు దాని నోరు మూసేస్తే ఏమవుతుందో మీరు చూడొద్దూ? అందుకే ముగ్గురం మూడు రకాలుగా మూశాం."

"నేను అడ్డం నిలబడ్డాను," అన్నారు బావగారు, తన వాటా పోతుందేమోనన్నట్టు.

మందులాయన ఆమె వైపు చాలాసేపు చూశాడు. ఒక్క ముక్కా నమ్మలేదని ఆ చూపులోనే తెలిసిపోయింది. కానీ పెద్దగా నవ్వని ఆ మనిషి పెదవి ఒక పక్కకి కదిలింది. "మా షాపుల్లో జరిగేది అచ్చం ఇదే," అన్నాడు. "కూత వస్తే ఫ్రిజ్ చూడరు, కూసేదాని పీక నొక్కుతారు. పోయినసారి ఎవరో అప్పుడున్న అలారం మీద మందుల అట్టపెట్టెలు పేర్చారు. పెట్టెడు మందులు పారబోశాను. ఇదేమో ప్లాస్టరు వేసినా, గిన్నె బోర్లించినా, పైన పెద్దావిడ కూర్చున్నా, నా జేబులోకొచ్చి చెప్పింది." మళ్ళీ సోఫాలో కూర్చున్నాడు. "ముందొక షాపులో పెట్టండి. ఒక నెల చూస్తాను. బాగుంటే అన్నిట్లోనూ పెడదాం. అన్నట్టు ఆ మెసేజిలు మాత్రం మార్చకండి. మూడోది చదివితే పాపం అనిపించింది."

ఇంజనీరు తలూపాడు.  ఇల్లాలు ఈసారి నిజంగానే ఫిల్టరు ప్లగ్గు పీకి, ఆ సాకెట్లో ఫ్రిజ్ ప్లగ్గు పెట్టింది. ఫ్రిజ్ ఒక్కసారి ఒళ్ళు విదిలించుకుని గురక మొదలుపెట్టింది. బోర్డు మాత్రం, లోపలంతా నిజంగా చల్లబడేవరకు ఎవరి మాటా నమ్మనన్నట్టు, ఎర్రలైటు వెలిగించుకునే ఉంది. ఈసారి దాన్ని ఎవరూ ఏమీ అనలేదు. మందులాయన దాని కూత వింటూనే కాఫీ తాగి వెళ్ళాడు.

ఆయన వెళ్ళాక అత్తగారు చెల్లెలికి ఫోను చేసి, తను దిండు మీద ఎలా కూర్చుందీ, దానివల్లే బేరం ఎలా కుదిరిందీ వివరంగా చెప్పారు. చార్జింగు అయిపోయేదాకా చెప్పారు. బావగారు సాయంత్రం తిరిగే కుర్చీని ఆటోలో వేసుకొచ్చి డైనింగు టేబులు దగ్గర దింపారు. "కౌంటరుకి ఇంకోటి కొనుక్కుంటాలేరా. నువ్విందులో కూర్చుని లైట్లు వెలిగించుకో" అని, వెళ్తూ వెళ్తూ ఫ్రిజ్ దగ్గర నేల వాలు మరోసారి చూసుకుని వెళ్ళారు.

"నువ్వెందుకలా చెప్పావు?" అని ఇంజనీరు పెళ్ళాన్ని అడిగాడు, వాళ్ళిద్దరే మిగిలాక. "పీకింది నేనే కదా."

"దానిమీద మీకే నమ్మకం లేకపోతే ఎలాగండీ?" అందామె, పాడైపోయిన కూరలు ఒక్కొక్కటే తీసి బుట్టలో వేస్తూ. "పాపం, అది నిజం చెబుతోంటే మీరు పొద్దున్నుంచీ మిమ్మల్ని మీరు తిట్టుకున్నారు."

ఆనాటినుంచి ఆ ఇంట్లో ఎర్ర లైటు వెలిగితే ఎవరూ బోర్డు జోలికి వెళ్ళరు. ముందు ఇంజనీరు ఏం పీకాడో వెళ్ళి చూస్తారు.